గోథా ప్రభువు కథతో మామయ్యల పంపకానికి

చోడవరంలో చర్చి బయట బల్ల మీద కొన్న చిన్న పుస్తకం ఒకటి మొన్న నన్ను వడ్డాది వైపు బయల్దేరదీసింది. పదిహేడో శతాబ్దంలో జర్మనీలోని గోథాను ఏలిన ప్రభువు చరిత్ర అది. ముప్పై ఏళ్ల యుద్ధం బూడిద చేసిన నేలను ఆయన మళ్లీ నిలబెట్టాడు. ఆడైనా మగైనా ప్రతి బిడ్డా బడికి రావాల్సిందేనని చట్టం చేశాడు. ఏడుగురు కొడుకులనూ రాజ్యం కలిసి ఏలుకోమని చెప్పి పోయాడు. అది చదివిన రోజే, మా ముగ్గురు మామయ్యలు చెరకు పొలం పంచుకుంటున్నారని అమ్మ చెప్పింది. తాతయ్య కట్టిన బెల్లం పొయ్యి ఒక్కటే. మూడు వాటాల చెరకూ కలిస్తేనే దాన్ని వెలిగించడం గిట్టుబాటు. ఇక ఊరుకోలేకపోయాను.

పొద్దున్నే షేర్ ఆటో ఎక్కాను. వడ్డాదికి ముప్పై రూపాయలు. ఎందుకెళ్తున్నానో చెబితే డ్రైవరు నవ్వేశాడు. "పంపకాలకి కర్రలట్టుకెళ్లినోళ్లని సూసేను గానీ, పుస్తకమట్టుకెళ్లినోడివి నువ్వే బాబూ."

వడ్డాది నుంచి చెరకు తోటల మధ్య అరగంట నడక. నేను చేరేసరికి పెద్ద మామయ్య తాడుతో పొలం కొలుస్తున్నాడు. పెద్దవాడు పంచాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి, అదీ మా వైపు పద్ధతి. చిన్న మామయ్య ఏదీ కోరుకోకుండా పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"ఈ ఏటికి కలిసే బెల్లం వండుదాం అన్నయ్యా," అంటున్నాడు.

ఇదే సమయమనుకుని, కొడుకులను కలిసి ఏలుకోమన్నంతవరకూ ప్రభువు కథ చెప్పాను. పెద్ద మామయ్య చేతిలో తాడు ఆగింది. నడిపి మామయ్య మాత్రం, "బాగుందిరా. మరా ఏడుగురూ కలిసే ఉన్నారేటి?" అన్నాడు.

అబద్ధం నోటికి రాలేదు. "లేదు మామయ్యా. కొన్నేళ్లకే ఏడు ముక్కలు సేసుకున్నారు."

"సూసేవా అన్నయ్యా? రాజులవల్లే అవలేదు, మనమెంత?"

"ఏడు ముక్కలైనా ఆళ్లు ఏడుగురూ రాజులే గదేటి," అంటూ చిన్న మామయ్య లేచాడు. "నాకు రోడ్డువైపుది సాల్లే."

పొయ్యి ఉన్న ముక్క నడిపి మామయ్యకు వచ్చింది. ఆయన తన చెరకంతా చక్కెర ఫ్యాక్టరీకి తోలేస్తానన్నాడు. అత్తయ్య అన్నం పెట్టింది గానీ ఎవరూ సరిగా తినలేదు.

ఆ పుస్తకం రాసినాయన ప్రభువు పెట్టిన బడుల గురించి పేజీలకు పేజీలు రాసి, కొడుకులు విడిపోయిన సంగతి ఒక్క వాక్యంతో ముగించాడు. సగంలో వదిలేశాడేమిటని చదివినప్పుడు కోపమొచ్చింది. తిరుగు ఆటోలో అనిపించింది, ఆయనకూ ఆపైన రాయబుద్ధి కాలేదేమోనని.

బెల్లం వండటం చూడాలనుకునేవారు చెరకు నరికే రోజుల్లో పొద్దున్నే వడ్డాదిలో దిగి, ఏ ఊళ్లో పొగ లేస్తోందో ఆటోవాళ్లను అడగండి. మా మామయ్యల ఊరి పేరు కావాలనే రాయలేదు. ఇక అక్కడ చూడటానికేమీ లేదు.