దడదడ, ఒక దెబ్బ ముందు

ఆమెకు ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉందిలెండి, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. కాలేజీలో డ్రమ్స్ వాయించడం మొదలుపెట్టినప్పుడు బ్యాండువాళ్ళు దడదడ అన్నారు, అదే అతుక్కుపోయింది. పేరు ఊరికే రాలేదు. మనిషికి నిలకడ లేదు. కూర్చుంటే కాలు ఆడుతుంది, నిలబడితే వేళ్ళు ఆడతాయి, బల్ల దొరికితే బల్ల మీద, దొరక్కపోతే సొంత మోకాలి మీద దరువు.

"నీ పక్కన కూర్చుంటే గతుకుల రోడ్డు మీద బస్సెక్కినట్టుందే అమ్మాయ్" అంటుంది అత్తగారు.

"టిక్కెట్టు అడగలేదుగా అత్తయ్యా" అంటుంది దడదడ, కాలు ఆపకుండానే.

ఇప్పుడామె పనిచేసేది ఒక పెద్ద హోటల్లో, నేల కింద ఉండే బట్టలుతికే విభాగంలో. ఒకవైపు మనిషి పట్టేంత యంత్రాలు గిర్రున తిరుగుతుంటాయి. మరోవైపు వేడి రోలరు, దానిలోంచి దుప్పట్లు ఇస్త్రీ అయ్యి బయటికొస్తుంటాయి. రెండు చివర్లూ ఇద్దరు పట్టుకుని మడత పెట్టాలి. దడదడకు ఎదుటి చివర పట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడరు. వాళ్ళు ఒక మడత వేసేసరికి ఈమె రెండోదానికి సిద్ధంగా ఉంటుంది.

అసలు సంగతికొస్తాను. ఆ బ్యాండు పేరు 'మూడో అంతస్తు'. పాటగాడి మేనమామకు ఒక పాత భవనంలో మూడో అంతస్తులో ఖాళీ గది ఉండేది, సాధన అక్కడే. పాటగాడు, గిటారు వాయించే పొడుగాయన, బాస్ వాయించే మౌనస్వామి, దడదడ. నలుగురే. ఆ భవనానికి లిఫ్టు లేదు. డ్రమ్ములు మెట్ల మీదుగా మోయలేక మోయలేక ఒళ్ళు మండి ఒక పాట కట్టారు, దాని పేరే 'లిఫ్టు లేదు'. అదే వాళ్ళ నోటికి అన్నం పెట్టింది, అదే కొంప ముంచింది కూడా.

ఆ పాట మధ్యలో ఒక మౌనం ఉంది. అందరూ ఒక్కసారిగా ఆగిపోవాలి. మనసులో నాలుగు లెక్కపెట్టుకోవాలి. ఆ తర్వాత డ్రమ్ము, దానితోపాటే గొంతు. రికార్డింగు రోజున నలుగురూ ఒకేసారి వాయించారు. స్టూడియోలో తాళం టిక్ టిక్‌మని వినిపించే హెడ్‌ఫోను ఒక్కటే ఉంది. అది డ్రమ్ములకే ఇస్తారు కదా, దడదడ తలకు తగిలించారు. మిగతావాళ్ళు ఆమెను బట్టి పోవాలి. మౌనం వచ్చింది, ఆగారు. దడదడ దెబ్బ వేసేసింది. మిగతా ముగ్గురూ ఇంకా నోళ్ళు తెరిచే ఉన్నారు. పాటగాడు ఉలిక్కిపడి నవ్వాపుకుంటూ ఒక అడుగు వెనకాల పరిగెత్తుకొచ్చి పాట అందుకున్నాడు.

"తొందరపడ్డావే" అన్నాడు పాటగాడు.

ముగ్గురూ అదే మాట అన్నారు. ముగ్గురంటే ఇక తనేం అంటుంది? తన పేరే దడదడ. ఉత్సాహంలో టిక్కు దాటేసి ఉంటాననుకుంది. మళ్ళీ తీయడానికి స్టూడియో సమయం అయిపోయింది, అలాగే వదిలేశారు.

జనం ఆ తప్పునే నెత్తిన పెట్టుకున్నారు! బస్సుల్లో ఆ చోటు రాగానే ముందు సీటు మీద గుద్దేవాళ్ళు. 'మూడో అంతస్తు' ఊరూరా తిరిగింది. రెండో పాట ఎవరికీ ఎక్కలేదు. మూడోదానికి పాటగాడు డ్రమ్ముల శబ్దం యంత్రంలోనే చేయించాలన్నాడు.

"నువ్వు మంచిదానివే, కానీ తొందరపడతావు. యంత్రం తొందరపడదు" అన్నాడు. అంతే, ఆమెను వదిలించుకుని చేతులు దులుపుకున్నారు.

ఆ మాట ఆమె కడుపులో అలాగే ఉండిపోయింది. పిల్ల పుట్టింది, ఉద్యోగం దొరికింది, ఇల్లు మారారు. ఆమె మాత్రం వంటింట్లో గరిటె పట్టుకుని, ఫోనులో టిక్ టిక్ పెట్టుకుని, ఆ మౌనంలో ఆగడం సాధన చేస్తూనే ఉంది. ఒంట్లో అణువణువూ కదిలిపోతున్నా ఆ నాలుగు లెక్కల పాటు చెయ్యి కదలకూడదు. ఏళ్ళు పట్టింది గానీ సాధించింది. ఎవరికి చూపించాలని అడగకండి. చూపించాల్సిన మనిషి ఒక్కడే.

ఆ మనిషి ఫోను చేశాడు. కుర్రకారు 'లిఫ్టు లేదు'ను మళ్ళీ తవ్వి తీశారట. పెద్ద హాలులో పాత నలుగురితోనే కచేరీ పెడతామని ఎవరో ముందుకొచ్చారట. దడదడ పనిలో సెలవు పెట్టింది. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

"కూర్చోవే తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది అత్తగారు.

సాధన మొదలైంది. ఇప్పుడు అందరి చెవుల్లోనూ టిక్ టిక్ ఉంది. మౌనం వచ్చింది. దడదడ ఆగింది, సరిగ్గా వేసింది. సూది మొనంత తేడా లేదు. పాటగాడి వైపు చూసింది.

అతను తల పట్టుకున్నాడు. "అది కాదే. ఆ తప్పు కావాలి. జనం దానికోసమే వస్తున్నారు."

ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు. ముందుగా వేస్తే కావాలని వేసినట్టే ఉంది, చచ్చు దెబ్బ. పొడుగాయన మొహమాటంగా నవ్వాడు. మౌనస్వామి తన బాస్ తీగలు బిగించుకుంటూ కూర్చున్నాడు. చివరికి పాటగాడు నీళ్ళు నమిలి, "పాత రికార్డింగులోంచి ఆ ముక్క వేసేద్దాం. నువ్వు ఊరికే చెయ్యి ఆడించు, ఎవరికీ తెలీదు" అన్నాడు.

దడదడకు తల కొట్టేసినట్టయింది. తొందర పడుతున్నావని తోసేశారు, తొందర మానుకుని వస్తే బొమ్మలా కూర్చోమంటున్నారు.

ఆ ముక్క కత్తిరించడానికి సౌండు చూసే అబ్బాయి పాత రికార్డింగు తెచ్చాడు. గొంతు వేరు, గిటారు వేరు, బాస్ వేరు, డ్రమ్ములు వేరు, అన్నీ విడివిడిగా. ఆ రోజు ఆమె చెవిలో మోగిన టిక్ టిక్ కూడా ఒక వరసలో భద్రంగా ఉంది.

"ఆ రెండూ కలిపి వినిపించు నాయనా, నా డ్రమ్మూ, ఆ టిక్కూ" అంది దడదడ.

వినిపించాడు. టిక్, టిక్, టిక్, టిక్. దెబ్బ. సరిగ్గా తాళం మీద పడింది.

ఇంకోసారి పెట్టమంది. ఆ తర్వాత గిటారు కలపమంది, బాస్ కలపమంది, గొంతు కలపమంది. ముగ్గురూ ఒక లెక్క ఆలస్యంగా వచ్చారు. డ్రమ్ము ఆగిపోగానే పట్టుకోవడానికి వాళ్ళకేమీ లేకపోయింది, ఆ మౌనంలో వెనకబడ్డారు. తాళం విన్నది తనొక్కతే. తాళం విననివాళ్ళు ముగ్గురూ తనదే తప్పన్నారు, తాళం విన్న తను ఒప్పేసుకుంది. ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. వంటింట్లో అన్నేళ్ళు నయం చేసుకున్న జబ్బు తనకు రానే లేదు.

పాటగాణ్ణి నడవాలోకి పిలిచింది.

"టిక్కుతో కలిపి విన్నాన్రా" అంది.

అతను ఆశ్చర్యపోలేదు. అక్కడే ఆమెకు అర్థమైపోయింది.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మిక్సింగప్పుడే" అన్నాడు. "అప్పటికే అందరం నిన్ను ఆటపట్టించేశాం. తర్వాత పాట ఆడేసింది. ఆ తర్వాత... నాకు యంత్రం కావాల్సొచ్చింది. చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

 దడదడకు కోపం ముంచుకొచ్చింది. వెళ్ళిపోదామా అనుకుంది. వెళ్తే డ్రమ్ముల దగ్గర మళ్ళీ యంత్రమే కూర్చుంటుంది.

"టేపు వద్దు. మీ చెవుల్లో ఆ టిక్కులు కూడా వద్దు. అన్నీ తీసేయండి. నన్ను చూసి వాయించండి" అంది.

అతను తలూపాడు. ఇంకేం చేస్తాడు?

కచేరీ రోజున హాలు నిండిపోయింది. 'లిఫ్టు లేదు' మొదలవగానే జనం లేచి నిలబడ్డారు. మౌనం వచ్చింది, నలుగురూ ఆగారు. దడదడ రెండు కర్రలూ పైకెత్తింది. పాత దెబ్బ పడాల్సిన చోటు వచ్చింది, జనం గాల్లోకి గుద్దారు. ఆమె వేయలేదు. ఆ రోజు ముగ్గురూ ఆలస్యంగా వచ్చిన చోటూ దాటిపోయింది. వేయలేదు. జనం గోల సద్దుమణిగింది. పొడుగాయన వేళ్ళు తీగల మీద బిగుసుకుపోయాయి. పాటగాడు నోరు తెరిచి, పట్టుకోవడానికి ఏమీ లేక, జనానికి వీపు పెట్టి ఆమె వైపు తిరిగాడు. అతని కళ్ళల్లో భయం, బతిమాలడం.

ఆమె ఒళ్ళంతా దడదడలాడిపోతోంది. చేతులు మాత్రం కదల్లేదు. అతని కళ్ళలోకి చూస్తూ, అతను ఇక ఆగలేడని తెలిసేదాకా ఆగింది. అప్పుడు వేసింది.