ఊకూకె అడిగే మీటర్లు

మా సారు పోయిన శుక్రవారం నల్గొండ దవాఖానలో కన్నుమూశారు. పల్లెల్లో బోరు నీళ్లు పట్టి ఫ్లోరైడ్ పరీక్షలు చేసే మా చిన్న జట్టుకు ఆయనే పెద్ద. ఏడుపు రాలేదని కాదు. దానికంటే ముందు అసహ్యం వచ్చింది. అది ఇంకా పోలేదు.

రెండేళ్ల కింద మా జట్టుకు ఒక ల్యాప్‌టాప్ ఇచ్చారు. పరీక్ష ఫలితం బోరు దగ్గరే అందులోకి ఎక్కించాలి. ఊళ్లలో కరెంటు ఉండదు, బ్యాటరీయేమో మధ్యాహ్నానికే చేతులెత్తేసేది. తెర చుట్టూ రకరకాల మీటర్లు ఉండేవి. సెకన్లు చూపే గడియారం ఒకటి, మిషన్ ఎంత కష్టపడుతోందో గీతలు గీసి చూపేది ఇంకొకటి. చార్జింగ్‌ను ఏది తినేస్తోందో పట్టుకుందామని సారే మరో మీటరు తెచ్చి పెట్టారు. మిగిలిన చార్జింగ్ ఎంతో అది సెకనుకోసారి మిషన్‌ను అడిగి చెప్పేది. ఆ రోజు మిషన్ ఇంకా ముందే ఆగిపోయింది. సారు మొహం చేదు తిన్నట్టు అయింది.

"థూ, ఎంత మిగిలిందో చెప్పేటిదే మిగిలింది తింటాంది," అన్నారు.

ఆ తర్వాత పని ఆగినప్పుడల్లా ల్యాప్‌టాప్ మీదికి వంగి చెవి ఆనించేవారు. లోపల డిస్కు తిరుగుతోందా, పడుకుందా అని వినడానికి. మేం చాయ్ తాగుతూ నవ్వుకునేవాళ్లం.

"నవ్వకుర్రి. ఈ మీటర్లు పండుకోనిస్తలేవు దాన్ని. ఊకూకె లేపి ఎట్లున్నవ్ అని అడిగితే ఎవ్వలు బతుకుతరు?"

ఒక్కో మీటరూ తీసేశారు. గడియారంలో సెకన్ల ముల్లు పోయింది. బ్యాటరీ సంగతి ఎప్పుడో ఒకసారి చెబితే చాలని మార్చారు. అప్పటి నుంచి పొద్దుగూకేదాకా పని నడిచింది.

మనుషులతోనూ ఆయన తీరు అదే. మా అమ్మ మంచాన పడ్డప్పుడు ఇంటికి వచ్చారు. బిందె నింపి పెట్టారు, కాసేపు గడప దగ్గర కూర్చున్నారు, వెళ్లిపోయారు. ఎట్లుందని అడగలేదు. ఆ మేలు నేను మరువను.

అలాంటి మనిషికి ఊపిరితిత్తులు చెడిపోయాయి. మాట్లాడితే ఆయాసం పెరుగుతుంది, మాట్లాడించొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. కూతురు చాలా దూరం నుంచి బయలుదేరింది. శుక్రవారం పొద్దున సారు నా చెయ్యి పట్టుకుని, "బిడ్డతోని రెండు మాటలున్నయ్," అన్నారు. ఆ రెండు మాటల కోసమే ఊపిరి దాచుకుంటున్నారు.

ఇక మొదలైంది పలకరింపు. ఆఫీసు వాళ్లు, వాడ వాళ్లు, చుట్టాలు. "సారూ, ఎట్లుంది?" "నన్ను గుర్తువట్టిన్రా?" కళ్లు మూసుకుంటే ఒకాయన భుజం పట్టి కుదిపాడు. "నేనొచ్చిన సారూ, జర కండ్లు తెరువుర్రి." సారుది మొహమాటం. వచ్చిన ప్రతివారికీ "మంచిగనే ఉన్న" అని జవాబు చెప్పారు. చెప్పినప్పుడల్లా గొంతు కొంత తగ్గింది. నేను తలుపుకు అడ్డం నిలబడితే వచ్చినవాళ్లు పక్కకు నెట్టారు. "పలకరియ్యకపోతే ఏమనుకుంటరు?" అన్నారు. పలకరించి బయటికెళ్లి, సోడాలు తాగుతూ ప్లాట్ల బేరాలు మాట్లాడుకున్నారు.

కూతురు వచ్చేసరికి సాయంత్రమైంది. సారు పెదాలు కదిలాయి, మాట రాలేదు. అంత పొద్దూ దాచుకున్నది వీళ్లకే ఖర్చయిపోయింది.

"అడుగు బిడ్డా, బాపును ఎట్లుందో అడుగు," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

ఆమె అడగలేదు. మంచం పక్కన కూర్చుని, వంగి, తండ్రి రొమ్ము మీద చెవి ఆనించింది. సారు చెయ్యి మెల్లగా లేచి ఆమె జడ మీద పడింది. ఆయన కళ్లు మూసుకున్నారు. ఈసారి ఎవరూ లేపలేదు.