రుక్మణి పెట్టిన ఆన

రుక్మణికి అక్షరం ముక్క రాదు. కానీ మొక్కకు జబ్బు చేస్తే పెద్ద చదువులవాళ్ళకంటే ముందు ఆమెకే తెలిసేది. కోయంబత్తూరు శివార్లలోని ఒక పరిశోధన తోటలో పద్దెనిమిదేళ్ళుగా దినకూలీ. పొద్దున్నే సింగానల్లూరులో టౌన్ బస్సెక్కి రావడం, వల కట్టిన పాకలో మొక్కలకు నీళ్ళు పట్టడం, విద్యార్థులు చెప్పినట్టు ఆకుల మీద మందు రుద్దడం ఆమె పని. ఆ చేతి మీద ఎందరు పరిశోధన పూర్తి చేసి డాక్టర్లయ్యారో లెక్కలేదు. వాళ్ళ పుస్తకాల్లో ఆమె పేరు వెతక్కండి, ఉండదు.

కృత్తిక దగ్గర్లోని అన్నూరు రైతుల పిల్ల. పరిశోధనకు చేరిన రోజే ఫోన్లో వాళ్ళమ్మతో తెలుగు మాట్లాడుతుంటే రుక్మణి నీళ్ళ గొట్టం కింద పడేసింది. "పాపా, మీ ఇంట్లోనూ తెలుగేనా?" అని అడిగింది. ఒకప్పుడైతే రుక్మణి వాళ్ళు ఆ ఇంటి వాకిలి దాటి లోపలికి పోయే కులం కాదు. ఇక్కడ మాత్రం ఇద్దరూ ఒకే డబ్బాలో పెరుగన్నం తినేవాళ్ళు.

మిరప మొక్కలో ఒక ప్రొటీను ఉంది. ఒక రకం వైరసు ఆకులోకి దిగగానే దాన్ని పట్టుకుని ముందుకు పోనివ్వదు. ఎలా పట్టుకుంటుందో తేల్చడమే కృత్తిక చదువు. ఆ ప్రొటీను దండిగా ఉన్న మొక్కల్ని ఏరి, విత్తనం తీసి, మళ్ళీ నాటి, మూడేళ్ళకు నాలుగు పొట్లాల విత్తనం చేసింది. ఆమె పట్టా మొత్తం ఆ పొట్లాల్లోనే ఉంది.

"అక్కా, పొగాకులో ఇంకో రకం వైరసు ఉంటాది. దాన్ని మన ప్రొటీను ఆపలేదు. నమిలిన చేత్తో ముడితే మిరపకు అంటుకుంటాది. నా కోసరం మానేస్తావా?" అని మొదట్లోనే అడిగింది. ముప్పై ఏళ్ళ అలవాటును రుక్మణి ఒక్క రోజులో మానేసింది. కన్నబిడ్డలు అడిగినా మాననిది.

మొన్న ఐప్పసి నెలలో, దీపావళి నాటి వానల్లో ఆమెకు పన్ను సలిపింది. మాత్రలు మింగినా లొంగలేదు. మూడోనాడు చిటికెడు పొగాకు దవడన పెట్టింది. ప్రాణం లేచి వచ్చింది. నాలుగు రోజులు పెట్టింది. చేతులు నీళ్ళతో కడుక్కుంది కూడా, పాపం. నీళ్ళకు పోయేదైతే అది వైరసెందుకవుతుంది?

రెండు వారాలకు మిరపాకుల మీద పాలిపోయిన మచ్చలు తేలాయి. పరీక్ష చేస్తే పొగాకు వైరసని వచ్చింది. చేతి నుంచైనా రావాలి, విత్తనం నుంచైనా రావాలి అన్నారు ఇళంగో సారు. ఆయన దగ్గరే కృత్తిక పరిశోధన.

"అక్కా, మళ్ళీ పొగాకు ఏమన్నా..."

"లేదు పాపా. నీ తల మింద సత్యం."

కూలి పోతుందన్న భయంతో కాదు. ఆ పిల్ల ముఖం ముందు మాట తప్పినదానిగా నిలబడలేకపోయింది, అంతే. మొక్కలు పీకేస్తారు, మళ్ళీ నాటుతారు, అంతకు మించి ఏం పోతుందిలే అనుకుంది. చెయ్యి తప్పు కాదంటే నేరం విత్తనం మీద పడుతుందని ఆమెకెవరు చెప్పారు?

రోగపు విత్తనం ఉంటే మిగతావాళ్ళ మొక్కలకూ ముప్పే, కాల్చెయ్యమన్నారు సారు. పరీక్ష చేసి చూద్దామని కృత్తిక బతిమాలింది. ఆ పరీక్షకు నెలలు పడుతుంది, ఆమె పరిశోధన గడువేమో నెలాఖరుకే తీరిపోతోంది. చేసుకున్నవాళ్ళకు చేసుకున్నంత అంటారు గానీ, ఇక్కడ చేసింది ఒకరు, అనుభవించింది ఇంకొకరు.

చెత్త కాల్చే గుంత దగ్గర కృత్తిక ఆ నాలుగు పొట్లాలూ రుక్మణి చేతిలో పెట్టింది. "నా చేత్తో వెయ్యలేనక్కా."

తన అబద్ధం ఎక్కడికి తెచ్చిందో రుక్మణికి అప్పుడు తెలిసింది. ఇప్పుడు చెబితే విత్తనం మిగులుతుంది. "పాపా, ఒక మాట..." అని నోరు తెరిచింది.

"తెలుసక్కా. సారు నిన్నే అనుమానపడిరి. పని నించి నిలిపేస్తాననిరి. రుక్మణక్క ఆన పెట్టి అబద్ధం చెప్పదని నేనే ఆయనతో పోట్లాడి సండ వేసినాను," అంది కృత్తిక. "నేను మదురైకి పోతాను. ఆడ ఒక బడిలో టీచరు వేల ఉండాది, ఆ పని చేసుకుంటాను."

తెరిచిన నోరు మూతపడింది. పొట్లాలు మంటలో పడ్డాయి. మిరప గింజల ఘాటుకు ఇద్దరూ దగ్గారు. దగ్గు ఆగాక కూడా రుక్మణి ఏడుపు ఆగలేదు.

కృత్తిక దగ్గరకొచ్చి చున్నీ కొంగుతో ఆమె కళ్ళు తుడిచింది. "ఏడవద్దక్కా. విత్తనంలో ఉండే రోగానికి నువ్వేమి చేస్తావు?"

రుక్మణి ఆ మాటకూ తలూపింది.