కాలువలు వదిలేదాకా

పెడనలో అద్దకం పనిచేసే వెంకటాద్రి గుడ్డ మీద వెయ్యని పువ్వు లేదు. అతని దుప్పట్లు చూసిన బందరు షావుకార్లు, ఈయన ఇంటి చుట్టూ ఎంత తోట ఉందో అనుకునేవారట. ఉన్నది తోట కాదు, దిబ్బ. ఉడికించి పారేసిన కరక్కాయ పిప్పి, పొయ్యి బూడిద, విరిగిన అచ్చులు, వాటి మధ్య పల్లేరు ముళ్ళు. కాపురానికొచ్చిన కొత్తలో భార్య పెద్దింట్లమ్మ దొడ్లో ఓ మల్లెపొద వేద్దామంది. రేపు చూద్దామన్నాడు మహానుభావుడు. ఆ రేపు రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

ఆవిడ మళ్ళీ అడగలేదు. పిల్లలు లేని ఇల్లు. వంటయ్యాక వీధి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటూ, వెనక కొట్టంలో మొగుడు బల్ల మీద అచ్చు పెట్టి గుద్దే చప్పుడు వింటూ ఉండేది. "ఇవాళ పెద్ద అంచా?" అని అక్కణ్ణుంచే కేకేసేది. చప్పుడును బట్టే ఏ అచ్చో పోల్చేది. ఎప్పుడూ తప్పేది కాదు.

పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో చలికాలం వెళ్తుండగా ఆవిడకి దగ్గు ముదిరి రక్తం పడింది. బందరు ఆసుపత్రిలో చేర్చుకున్నారు. వెంకటాద్రి మొదటిసారి చూడబోయినప్పుడు, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"ఇంటి మీద బెంగగా ఉందయ్యా," అంది.

అతనికి ఏదో ఒకటి ఇవ్వాలనిపించింది. "నువ్వొచ్చేసరికి దొడ్డంతా పూలతోట చేసేస్తా, చూసుకో."

పెద్దింట్లమ్మ నవ్వింది. "పూలెందుకు నాకిప్పుడు? ఇంటికి తీసుకెళ్ళు, చాలు."

తోట మాటకి ఆవిడ నవ్వింది కదా, అదే చూశాడు. ఇంటికి తీసుకెళ్ళమన్న మాట చెవిన పడినా తలకెక్కలేదు. మగవాళ్ళు ఇలాగే వింటారు.

ఇక మనిషికి పూనకం వచ్చినట్టయింది. పిప్పి, బూడిద బండికెత్తించాడు. పలుగుతో దొడ్డంతా తవ్వి, కాలువగట్టు నుంచి ఒండ్రుమట్టి తోలించి పోశాడు. పక్కింటి చిలకమ్మ నందివర్ధనం కొమ్మ ఇచ్చింది. గుడివాడ వెళ్ళి గులాబి అంట్లు రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. కనకాంబరం నారు పోశాడు. ఆసుపత్రిలో నర్సు రాజమ్మ, పెద్దింట్లమ్మని చిన్నమ్మా అని పిలిచే చల్లని మనిషి, తన ఇంటి బొండుమల్లె అంట్లు మొగ్గలతో సహా ఇచ్చింది. పని మానేశాడని దుప్పట్లు కొనే షావుకారు కబురు పెడితే, "మొక్కలు నాటుకుంటున్నానండీ" అని జవాబు పంపాడు.

ఎండలు మొదలవగానే మల్లె పూసింది. గుప్పెడు పూలు ఆకులో చుట్టి బందరు పట్టుకెళ్ళాడు. పెద్దింట్లమ్మ వాటిని మొహానికి ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆ సాయంత్రం వార్డులో అందరికీ చూపించుకుందని రాజమ్మ చెప్పింది. వెంకటాద్రి అంత సంతోషంగా ఇంటికి తిరిగొచ్చిన రోజు అదొక్కటే. ఆ ఉత్సాహంలో మర్నాటినుంచి అద్దకం పని కూడా మళ్ళీ మొదలుపెట్టాడు.

తరవాత కాలువలు కట్టేశారు, నీళ్ళు రావడం ఆగిపోయింది. ప్రతి ఎండాకాలం కట్టేసేవే. అతనింట్లో ఉన్నది ఉప్పుబావి. అది మొక్కలకి పొయ్యకూడదని ఆ ఊళ్ళో పసిపిల్లలకి కూడా తెలుసు. చెరువు నుంచి కావిడితో వచ్చే మంచినీళ్ళు తాగడానికీ, గుడ్డలు జాడించడానికీ బొటాబొటిగా సరిపోతాయి. జాడించగా గాబులో మిగిలిన నీళ్ళని వెంకటాద్రి మొక్కలకి పోశాడు. అవి పటిక పట్టించిన గుడ్డలు జాడించిన నీళ్ళు. అయితేనేం, బురద తేరడానికి బిందెలో పటిక ముక్క తిప్పుకునే కదా మనమూ తాగుతున్నాం, మనుషులకు పడింది మొక్కలకు పడదా అనుకున్నాడు. చిటికెడు పటిక వేరు, దోసిళ్ళకొద్దీ పటిక వేరు. అద్దకంలో ఏ రంగుకి ఎంత పటికో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మనిషికి ఆ సంగతే తోచలేదు.

ఆకుల అంచులు మాడాయి. ఎండ దెబ్బనుకుని గాబు నీళ్ళు రెండింతలు పోశాడు. మొగ్గలు విచ్చకుండానే రాలిపోయాయి.

గోడ మీంచి తొంగిచూసిన చిలకమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో అన్నయ్యా, గాబు నీళ్ళా పోస్తున్నావు? ఇన్నేళ్ళూ నువ్వు పారబోసిన చోట గడ్డిపరకైనా మొలిచిందేంటి?"

కొట్టం పక్కన బోడిగా ఉన్న ఆ నేలకేసి చూశాడు వెంకటాద్రి. ముప్పై ఏళ్ళుగా రోజూ తొక్కుతున్న నేలే. దొడ్డంతా ఎండు పుల్లలు.

మర్నాడు బందరు బజార్లో మల్లెపూలు కొని, ఆకులో చుట్టి తీసుకెళ్ళాడు.

"మన దొడ్లోవేనా?"

"మనవే."

పాపం, ఎన్నడూ అబద్ధమాడని మనిషి. ఆ ఒక్కటీ ఎందుకాడాడో! ఆ వారమే రాజమ్మ అతన్ని వరండాలోకి పిలిచింది. "వెంకటాద్రిగారూ, చిన్నమ్మని ఇంటికి తీసుకెళ్ళొచ్చని డాక్టరుగారు చెప్పారండీ. ఇంటికెళ్తానని ఒకటే అడుగుతోంది. ఆలస్యం చెయ్యకండి."

తీసుకెళ్తే దొడ్డి చూస్తుంది. ఎండు పుల్లలు చూస్తుంది, మోసం తెలుస్తుంది. ఆరోగ్యం బాగుపడబట్టే పంపుతున్నారని కూడా అనుకున్నాడు. ఆలస్యం చెయ్యకండి అన్న మాటలో ఏముందో ఆలోచించలేదు. "కాలువలు వదలనివ్వండి. చెరువు నీళ్ళు కూడా అడుగంటాయి, ఇంట్లో ఇబ్బంది," అన్నాడు. కాలువలు వదిలితే కొత్త అంట్లు తెచ్చి నాటొచ్చు, నాలుగు పచ్చటి ఆకులైనా చూపించొచ్చు. అదీ అతని లెక్క.

ఆ పైవారం మళ్ళీ ఆవిడే అడిగింది. "ఎడ్లబండైనా పర్వాలేదయ్యా. పడుకునే వస్తాను."

"కాలువలు వదలనీ."

అతని మొహంలోకి కాసేపు చూసి, "సరేలే, నీకెలా వీలైతే అలాగే," అంది. ఆ తరవాత మళ్ళీ అడగలేదు. మల్లెపొద అడిగి ఊరుకున్నట్టే ఊరుకుంది.

కాలువలు వదలడానికి ఇంకా నాలుగు రోజులుందనగా పెద్దింట్లమ్మ ఆసుపత్రి మంచం మీదే పోయింది.

ఇంటికి బండిలోనే వచ్చింది, పడుకునే వచ్చింది. వెంట రాజమ్మ కూడా వచ్చింది. అన్నీ అయ్యాక వెంకటాద్రి ఆమెను దొడ్లోకి తీసుకెళ్ళి, తను దాచిందంతా దాచకుండా చెప్పాడు. "తోట చూపించలేకపోయానమ్మా, అందుకే తీసుకురాలేదు," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

రాజమ్మ ఆ పుల్లల్ని చూసింది, అతన్ని చూసింది. "తోట చూడాలని చిన్నమ్మ ఒక్కసారైనా అనలేదండీ. గుమ్మంలో కూర్చుంటే మీ అచ్చు చప్పుడు వినిపిస్తుందట. అది వినాలనుందనేది."

కాలువలు వదిలిన రోజు వెంకటాద్రి తనే కావిడి భుజాన వేసుకుని, చచ్చిన మొక్కలన్నిటికీ పొద్దుగూకేదాకా మంచినీళ్ళు పోశాడు. పిచ్చెత్తిందన్నారు. వానలు పడ్డాక నందివర్ధనం మొదట్లోంచి చిగురు వేసి, మరుసటేడుకి గోడెత్తు పెరిగి తెల్లగా విరబూసింది. చిలకమ్మ దేవుడి పటాలకి కోసుకునేది. వెంకటాద్రి అటు వెళ్ళేవాడు కాదు.

అద్దకం బల్లని కొట్టంలోంచి తెచ్చి వీధి గుమ్మం ఎదుట వేసుకున్నాడు. వచ్చేపోయే బళ్ళ దుమ్ము గుడ్డ మీద పడుతోందనీ, లోపలికి మార్చుకోమనీ షావుకారు ఎన్నిసార్లు చెప్పాడో.

"ఇక్కడైతే బాగా వినిపిస్తుందండీ," అని, మళ్ళీ అచ్చు పెట్టి గుద్దేవాడు.