కొమ్ము మొలిచిన గడి

మొన్న మా ఆయన మొదటి నవల కొత్త ముద్రణ ఇంటికి వచ్చింది. అట్ట నున్నగా ఉంది, అక్షరాలు నా కళ్ళకు కూడా ఆనేంత పెద్దవి. ముందుమాట రాసిన ప్రొఫెసరు గారు ఆయన చదువు, ఉద్యోగం, రాసిన ఏడు నవలలు, వచ్చిన బహుమతులు అన్నీ వరసగా చెప్పి, చివర ‘భయమన్నది ఎరుగని కలం’ అన్నారు. నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నవ్వాను. కోడలు వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. ఏం చెప్పను? ఆ కలం పట్టిన మనిషి బల్లిని చూసి మంచమెక్కేవారు. ఆయన సంగతి అటుంచండి, ఆ నవల అచ్చయిన ఏడాది నేను పడిన భయానికి ముందుమాటలో అర పేజీ అయినా ఇవ్వాల్సింది.

అప్పటికి నిజాం రాజ్యం పోయి పదేళ్ళు దాటింది. చిట్యాల సడక్ నుంచి రెండు కోసుల లోపల ఒక ఊళ్ళో ఆయన బడిపంతులు. రాజ్యం పోయింది గానీ గడి పోలేదు. గడి అంటే దొర ఉండే ఇల్లు. ఇల్లంటే మామూలు ఇల్లు కాదు, నాలుగు మూలలా బురుజులు, ఏనుగు పట్టే దర్వాజా, లోపల ఎన్ని వాకిళ్ళున్నాయో బయటివాళ్ళకు తెలియదు. దాని ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు విడిచి చేతపట్టుకుని వంగి నడవాలి. మాకు ముందున్న పంతులు వెట్టిచాకిరీ మీద పైవాళ్ళకు దరఖాస్తు పెట్టాడట. ఆ వారం నుంచి ఆయన ఇంటికి చాకలి రాలేదు, బావి దగ్గర చేద ఇచ్చినవాళ్ళు లేరు, ఊరు విడిచి పోదామంటే బండి కట్టినవాళ్ళు లేరు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని పోతుంటే సడక్ ఎక్కకముందే ఎవరో ఆయన కుడిచేతి మణికట్టు విరగ్గొట్టారు. ఎవరో అనే ఊరంతా అనేది. ఆ ‘ఎవరో’ రోజూ పొద్దున మా ఇంటి ముందు నుంచే పశువులను తోలుకుపోయేవాడు. నన్ను చూస్తే “మంచిగున్నవా అమ్మా” అని పలకరించేవాడు కూడా.

అలాంటి ఊళ్ళో కూర్చుని మా ఆయన గడి మీద నవల మొదలుపెట్టారు. వడ్లు దంచడానికి గడిలోకి పోయి మళ్ళీ బయటికి రాని ఒక ఆడపిల్ల కథ. మనకెందుకయ్యా అంటే, “రాయకుంటే నిద్ర పడ్తలేదే” అన్నారు. “మీరు రాస్తే నాకు పడ్తలేదు” అన్నాను నేను. ఇద్దరికీ భయమే గనక ఇద్దరం కలిసి జాగ్రత్తలు పడ్డాం. నవలలో దొర అన్న మాటే లేదు, ‘లోపలి పెద్ద’ అని ఉంటుంది. ఊరి పేరు లేదు. రాసినవారికి మారుపేరు. మా ఊరి టపా సంచి, దొర చెప్పుచేతల్లో ఉండే పట్వారి ఇంట్లో ఉండేది. ఎవరి ఉత్తరమైనా ఆయన కళ్ళు పడ్డాకే కదిలేది. అందుకని ఆ కాగితాలు చీరల అడుగున పెట్టుకుని, తల్లిగారింటి వంకతో చిట్యాల పోయి డబ్బాలో వేసే పని నాది. నెలకు రెండుసార్లు తల్లిగారింటికి పోతుంటే పట్వారి భార్య నా కడుపు వంక చూసి “ఏం బిడ్డా, విశేషమా?” అనేది. నేను సిగ్గుపడినట్టు తల వంచుకునేదాన్ని. నిజానికి చెమట కనబడకుండా వంచుకునేదాన్ని.

బెజవాడ వారపత్రికలో మొదటి భాగం వచ్చిన రోజు నాకింకా జ్ఞాపకం. సంపాదకుడికి మా ఆయన మీద ఎంత ప్రేమంటే, మారుపేరు కింద అసలు పేరు, దాని కింద ఊరి పేరు కూడా వేసి పెట్టాడు. నేను పోయి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాను. మా ఆయన మాత్రం ఆ సంగతి పట్టించుకోకుండా పేజీ మీదికి వంగి ఏదో వెతుకుతున్నారు. వెతికి వెతికి తల పట్టుకున్నారు. పేజీలన్నింటిలో ఒక్క గడి లేదు. అంతటా గుడి! ఆ వైపు వాళ్ళకు గడి ఏమిటో తెలియదు. పాపం పంతులు గారు గకు కొమ్ము పెట్టడం మరిచారనుకుని, ప్రెస్సులో శ్రద్ధగా ప్రతి గడికీ ఒక కొమ్ము తగిలించారు. ‘గుడి ముందు చెప్పులు విడిచి వంగి నడిచేవారు.’ ‘లోపలి పెద్ద కన్ను తెరిస్తే ఊరు వణికేది.’ ‘గుడిలోకి పోయిన పిల్ల బయటికి రాలేదు.’ ఒక్క వాక్యం కూడా కుంటుపడలేదు. అబద్ధమెందుకు, ఆ కొమ్ము పెట్టిన చేతికి నేను మనసులోనే దండం పెట్టుకున్నాను. ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. దిద్దమని ఉత్తరం రాస్తానంటే, మొత్తం అచ్చయ్యాక చూద్దాం లెమ్మని నేనే ఆపాను.

ఏడో ఎనిమిదో వారం దొర మనిషి వాకిట్లో నిలబడ్డాడు. “పంతులూ, దొర రమ్మంటుండు. గా అచ్చు కాయితాలు గూడ పట్టుకరమ్మన్నడు” అన్నాడు. మా ఆయన చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నారు. బయలుదేరే ముందు కుడిచేయి ఒకసారి చూసుకున్నారు. నేను చూశానని ఆయనకు తెలియదు. పెనం మీద రొట్టె మాడి ఇల్లంతా పొగ నిండినా నాకు లేవాలని తోచలేదు. చెవులు రెండూ గడి వైపే ఉన్నాయి. పొద్దు వాలకముందే ఆయన తిరిగి వచ్చారు, భుజాన కొత్త ధోవతి, ముఖాన నెత్తుటి చుక్క లేదు. దొర అన్న మాటలు ఆయన అలాగే అప్పజెప్పారు. “శాబాష్ పంతులూ! గుడిల జరిగే లుచ్చాపనులన్ని మంచిగ రాసినవ్. గా పూజారి మీద నాకెప్పటిసందో అనుమానమే!” తలుపు వేసుకుని ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. ఆ అనుమానంతో పూజారి గతి ఏమవుతుందో ఆ రోజు ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

తర్వాత ఆ పత్రికవాళ్ళే నవలను పుస్తకంగా వేస్తామని, తప్పులుంటే రాసి పంపమని అడిగారు. ఆయన మూడు రోజులు ఆలోచించి ఒక్క వాక్యం రాశారు: ‘గుడి అని ఉన్న ప్రతిచోటా గడి అని దిద్దవలెను.’ కవరు అంటించి నా చేతికిచ్చారు. “ఇది ఏస్తే మన కొంప మునుగుతది” అన్నాను. “ఎయ్” అన్నారు, నా ముఖం చూడకుండా. నేను తల్లిగారింటికి పోయి, రెండు రోజులు ఉండి, కవరుతోనే తిరిగి వచ్చాను. “ఏసినవా?” అంటే “ఏసిన” అన్నాను. కవరును బియ్యం కుండ అడుగున దాచాను. ఎసట్లోకి బియ్యం తీసినప్పుడల్లా దాని అంచు వేళ్ళకు తగిలేది. వేస్తే ఆయన చేయి పోతుంది, వేయకపోతే ఆయన పుస్తకం పోతుంది. చేతికంటే పుస్తకం గొప్పదా అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. అలా పదకొండు రోజులు గడిచాయి.

పన్నెండో రోజు, ఆయన బడికి పోయాక, పూజారి వచ్చాడు. ముసలాయన, ఎముకల గూడు. అరుగు మీద కూర్చోమంటే కూర్చోలేదు, ఎండలోనే నిలబడ్డాడు. దొర ఈ నవలను సాకుగా పెట్టి గుడికిచ్చే గింజలు ఆపేశాడట, గుడి పొలం విడిచిపెట్టమన్నాడట. “మీ ఆయనకు నా మీద ఏం కోపమమ్మా?” అన్నాడు. “గా పిల్లెవలో నాకెరుకలేదు. పుట్టి బుద్ధెరిగినసంది దేవునికి దీపం వెట్టుకుంట బతికిన. ఇయ్యాల ఆడోళ్ళు నా చేతి తీర్థం గూడ తీసుకుంటలేరు బిడ్డా. పిలగాండ్లను గుళ్ళెకు రానిస్తలేరు.” అది అచ్చుతప్పు తాతా అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అది తప్పంటే ఒప్పేమిటో చెప్పాలి. ఆ రెండక్షరాలు వాకిట్లో పైకి అనడానికి నాకు నోరు పెగలలేదు. ముసలాయన “మంచిది బిడ్డా” అని, నాకే దండం పెట్టి పోయాడు.

అంత వయసు మనిషి నాకు దండం పెడితే నేను సిగ్గుతో చచ్చిపోయాను. కుండలో చేయి పెట్టి కవరు లాగాను. కొంగు చాటున పెట్టుకుని, గడి ముందు చెప్పులు చేతపట్టుకుని అందరిలాగే వంగి నడిచాను. దర్వాజా దగ్గర ఎవరో దగ్గితే కవరును మోచేత్తో గట్టిగా అదిమి పెట్టుకున్నాను. సడక్ మీద బస్సెక్కి, చిట్యాలలో డబ్బాలో వేసి, అది లోపల పడిన చప్పుడు విన్నాక ఏడుపొచ్చింది. సాయంత్రం ఇంటికి వచ్చి కుండ సంగతి, పూజారి సంగతి, డబ్బా సంగతి మొత్తం చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. ఆయన గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నారు. “నువ్వు ఎయ్యవనుకున్న. గందుకే నీ చేతికిచ్చిన” అన్నారు.

పుస్తకం గడితోనే వచ్చింది. ‘ఎవరో’ నన్ను పలకరించడం మానేశాడు. చాకలి మానేశాడు. నెల తిరక్కముందే పాలమూరు జిల్లా అవతలి కొసకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. బండి కట్టేవాళ్ళు లేక నడిచే పోయాం. ఆ రెండు కోసులూ ఆయన కుడిచేతిని నా రెండు చేతులతో పట్టుకుని నడిచాను. ‘ఎవరో’ దారి పక్క మోరీ గోడ మీద కూర్చుని మమ్మల్ని చూశాడు. చూసి ఊరుకున్నాడు, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. గుడికి జనం మళ్ళీ వస్తున్నారని తర్వాత విన్నాను. గింజలు మాత్రం దొర మళ్ళీ ఇవ్వలేదట. మిగిలిన ఆరు నవలలూ ఆ చేత్తోనే పాలమూరులో రాశారు. వాటిలో ఒకదానికి పెద్ద బహుమతి వచ్చింది, శాలువా కప్పారు, ఫోటోలు తీశారు. ఆయన సాహిత్య జీవితం నలభై ఏళ్ళని అందరూ రాస్తారు, నాకు మాత్రం ఆ నలభై ఏళ్ళూ ఇట్టే గడిచిపోయాయి, బియ్యం కుండలో పెట్టిన ఆ పదకొండు రోజులే ఇంకా గడవడం లేదు.