విశాల స్థలం

2019 వసంతకాలంలో నేను డల్లాస్ దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో, ప్రజాపాలన విభాగానికి గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌ని. నగర, కౌంటీ కార్యాలయాల్లో పనిచేయదలచినవారు చదివే ఎంపీఏ అనే మాస్టర్స్ కోర్సుకు వచ్చిన దరఖాస్తులు పరిశీలించడం, విద్యార్థులకు కోర్సుల గురించి చెప్పడం నా పని. వీసా సలహా ఇచ్చే అధికారం నాకు లేదు. అది అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానిది.

పక్కనే కాపెల్ ఊళ్లో మా క్రైస్తవ సంఘంలో ప్రభుదాస్ గారి అమ్మాయి కెజియాకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి పొరుగు రాష్ట్రంలో పేరున్న విశ్వవిద్యాలయం. రెండోది మా విభాగమే: సాయంత్రం తరగతులు, ఒక ఆఫీసు భవనంలో ఒకే అంతస్తు. నాలుగేళ్ల వయసులో అమెరికా వచ్చిన పిల్ల. ఇరవై ఒకటి నిండగానే తండ్రి వీసా కింద ఉండడం కుదరదు, విద్యార్థి వీసాకు మారాలి. చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి మామూలు కోర్సుకైతే ఒక్క ఏడాది ఇస్తారు, సైన్సు, టెక్నాలజీ కోర్సుగా ప్రభుత్వం లెక్కించే స్టెమ్ కోడ్ ఉన్న కోర్సుకైతే మూడేళ్లు. ఆలోపు ఏటా ఒకసారి తీసే వర్క్ వీసా లాటరీ తగలకపోతే వెళ్లిపోవాలి. ఎంపీఏ పేరు అన్నిచోట్లా ఒకటే, కోడ్ మాత్రం ఒక్కోచోట ఒక్కోటి.

ఆదివారం ఆరాధన తరువాత భోజనాల దగ్గర ప్రభుదాస్ గారు జేబులోంచి బైబిల్ వాక్యం రాసిన వాగ్దాన కార్డు తీశారు. కొత్త సంవత్సర ఆరాధనలో కుటుంబానికొకటి చొప్పున ప్రార్థించి తీసుకోవడం మా వాడుక. దేవుడు విశాల స్థలానికి తెస్తాడన్నది వారికి వచ్చిన వాగ్దానం.

“వందనాలు సిస్టర్. చూశారా? విశాల స్థలం! ఆ క్యాంపస్ ఎంత పెద్దదో! ఇంక డౌటెందుకు? రేపే డిపాజిట్ కట్టేస్తున్నా.”

వాగ్దానాన్ని ప్రశ్నిస్తే అవిశ్వాసమేమోనని భయం. ఊరుకుంటే ఆ పిల్ల తనకు తెలిసిన ఒకే దేశం విడవాల్సి వస్తుందేమోనని అంతకన్నా భయం. మనసులో ప్రార్థించుకుని, ఆ కోర్సుకు స్టెమ్ కోడ్ ఉందో లేదో కనుక్కున్నారా అని అడిగాను.

“మీ కాలేజీకి రమ్మంటారు, అంతేగా!” అన్నారాయన. పక్కవాళ్లు నవ్వారు.

“నా మాట వద్దు బ్రదర్. రెండు చోట్లా ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి కాల్ చేసి అడగండి. అప్పటిదాకా డిపాజిట్ ఆపండి.”

కెజియా ప్లేటు పక్కన పెట్టింది. “డాడీ, గాడ్ క్యాంపస్ సైజ్ చెప్పాడా?”

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. మా కోడ్ ఈ ఏడాది మారిందేమో, నా మూలంగా ఉన్న సీటూ వదులుకుంటారేమో అనిపించింది. మరునాడు మధ్యాహ్నం తండ్రీ కూతుళ్లు స్పీకర్‌లో ఫోన్ చేశారు.

“ఆంటీ, వాళ్లది స్టెమ్ కాదంట. మీది అవునంట.”

వెనక నుంచి ప్రభుదాస్ గారి గొంతు వినిపించింది. “అయితే వాగ్దానం తప్పా, సిస్టర్?”

నాకన్నా ముందే కెజియా అందుకుంది. “లేదు డాడీ. వన్ ఇయర్ ఇరుకు. త్రీ ఇయర్స్ విశాలం.”

ఆమె మా దగ్గరే చేరింది. నేను రిటైరయ్యేనాటికి ఒక నగర బడ్జెట్ విభాగంలో పనిచేస్తోంది. లాటరీ రెండుసార్లు తగల్లేదు, ఇంకొక్కసారి మిగిలింది. ఒక్క ఏడాది గడువే అయితే ఆ మిగిలిన అవకాశం ఉండేది కాదు.

ఎంపీఏ ఎంచుకునేవారు ర్యాంకు కన్నా ముందు కోడ్ అడగాలి. జవాబిచ్చే అధికారం ఉన్నవారినే అడగాలి. వాగ్దానం నెరవేర్చడం దేవుని పని, ఫోన్ చేసి కనుక్కోవడం మనది. ఆ రెండో పని కూడా ఆయన మీద వేయకూడదు.