కోడి బాగుంది, నేనే బాగోలేదని చెప్పాను

శుక్రవారం సాయంత్రం మా వదిన నూనె కారుతున్న చిల్లుల గరిటె నా ముక్కు మీదికి చూపించి, "రేపు నువ్వు అమలాపురం వెళ్ళి కోడి తినిరావాలి" అంది.

"ఏం వదినగారూ, ఇన్నాళ్ళూ ఇక్కడ నేను తిన్నది కోడి కాదా ఏంటి?"

"వేళాకోళం తర్వాత. ముందు విను."

మా వదినది అంబాజీపేట సెంటర్లో చికెన్ పకోడీ బండి. మా అన్న పెట్టిన బండి. అన్న పోయి రెండేళ్ళు దాటింది, ఇప్పుడు ఆవిడ ఒక్కతే నడుపుతోంది. నాది కొబ్బరి ఒలుపు. పగలంతా నేలలో పాతిన గునపం మీద కాయలు ఒలుస్తాను, సాయంత్రం వదిన బండి పక్కన స్టూలు వేసుకుని వచ్చేపోయేవాళ్ళను ఒలుస్తాను. మొదటి పనికి కూలి వస్తుంది. రెండో పనికి పకోడీ వస్తుంది.

ఆ వారం బండికి ఎదురుగా ఉన్న మేడకి ఒక పెద్ద బ్యానరు కట్టారు. దాని మీద కోడికాలు, కింద 'త్వరలో' అని. మన రాష్ట్రంలోనే పుట్టి ఊరూరా కొట్లు తెరుస్తున్న వేపుడు కోడి కంపెనీ అది. అమలాపురంలో అప్పటికే తెరిచారు. వదిన గరిటె తిప్పుతున్నంతసేపూ ఆ బ్యానరునే చూస్తుండేది.

ఇంకో సంగతి కూడా ఉంది. చర్చికి వచ్చే వార్డెనమ్మగారు ఆవిడని ఆడపిల్లల హాస్టల్లో వంటకి రమ్మని అడిగారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఏదో ఒక మాట చెప్పమన్నారు.

"అక్కడి కోడి మన పకోడీ కన్నా బావుంటే నేను హాస్టల్‌కి పోతాను. బాగోకపోతే బండి ఉంచుతాను. నువ్వు తిని ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

"నేనేనా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా?"

"మిగతావాళ్ళంతా మర్యాదస్తులు. నీకా జబ్బు లేదు కదా, అందుకని."

అది నిజమే. ఏడో తరగతిలో నేను బడి మానేశాను. బడే నన్ను మానేసిందని వదిన అంటుంది, లెక్కల మాస్టారు బతికుంటే ఆవిడనే సమర్థిస్తారు. నేను బడి మానేసిన ఏడాదే ఆవిడ కొత్త కోడలుగా మా ఇంటికొచ్చి మొదటిసారి చేపల పులుసు పెట్టింది. నాన్నతో సహా అందరూ బాగుందని తలలూపుతున్నారు. నేను ఒక ముద్ద తిని, "ఈ చేప ఇంకా సముద్రంలోనే ఉందా వదినా?" అన్నాను. అన్న నా నెత్తి మీద మొట్టికాయ వేశాడు. వదిన మాత్రం వేలితో పులుసు నాకి చూసి, పకపకా నవ్వి, గిన్నెలో చింతపండు నీళ్ళు పోసింది. అప్పటినుంచీ ఆ ఇంట్లో ఉప్పు సంగతి నాకే వదిలేశారు.

శనివారం ఒలుపు మానేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని అమలాపురం వెళ్ళాను. అద్దాల తలుపు. తొయ్యమని రాసి ఉంటే లాగాను, లోపలున్నవాళ్ళందరికీ నా చదువు తెలిసిపోయింది. లోపల చలి. ఎర్రటోపీ పెట్టుకున్న అమ్మాయి కౌంటరులో నిలబడి, ఊపిరి తీసుకోకుండా అడగడం మొదలుపెట్టింది.

"మీల్ తీసుకుంటారా సార్?"

"ఆయ్."

"పెద్దది చేయమంటారా సార్?"

"ఆయ్."

"ఫ్రైస్ కూడా కలపనా? స్పైసీ వింగ్స్? రెండు రకాల సాస్ ఉన్నాయి సార్, రెండూ పెట్టమంటారా?"

"ఆయ్, ఆయ్, ఆయ్."

మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు. వింటున్నాను, మీరు కానివ్వండి అని. ఎదుటివాడు చెప్పేది శుద్ధ అబద్ధమని తెలిసినా ఆయ్ అంటాం. అది కోపం తెప్పించకుండా పక్కకి తప్పుకునే దారి. ఆ అమ్మాయిదీ ఈ చుట్టుపక్కల ఊరే, ఆవిడకి తెలియక కాదు. కానీ ఆవిడ ముందున్న తెరకి అవును, కాదు రెండే తెలుసు. నా ఆయ్‌లన్నీ అవునులైపోయాయి.

ట్రే వచ్చింది. దాన్ని చూసి ఆ అమ్మాయే జంకింది. "మొత్తం ఎంతమందండి సార్?"

"ఇద్దరమండి. నేనూ, నా ఆకలీ."

ట్రేతో పాటు రెండు ప్లాస్టిక్ చేతి తొడుగులు ఇచ్చారు. కోడికి ఆపరేషన్ అయిపోయింది కదా, ఇప్పుడు నాకెందుకండీ ఇవి అన్నాను. పక్క బల్ల మీద ఓ మామ్మగారు చేతి తొడుగులు తీసి పక్కన పడేసి, మనవరాలికి ముక్క మీద కరకరలాడే పెంకు ఒలిచి పెడుతున్నారు. పెంకు పిల్లకి, లోపలి మెత్తని కండ ఆవిడకి. ఇద్దరూ సుఖంగా ఉన్నారు. నేనూ తొడుగులు జేబులో పెట్టుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. నేను తప్పు వెతకడానికే కూర్చున్నాను. ఫ్రైస్‌లో దొరికింది: చల్లారిపోయి, తడిసిన అగ్గిపుల్లల్లా ఉన్నాయి. ఎర్ర సాస్ దగ్గు మందులా తియ్యగా ఉంది. కూల్‌డ్రింకులో ఐసు తీసేస్తే మిగిలేది గుక్కెడు. అన్నీ మనసులో రాసుకుని, సంతోషంగా కోడికాలు కొరికాను.

పెంకు ఫెళ్ళుమంది. లోపలినుంచి ఆవిరి వచ్చింది. ఉప్పు పైపైన లేదు, ఎముక దాకా దిగి ఉంది. కారం గొంతులో గుచ్చుకోలేదు, కొరికాక కాసేపటికి వచ్చి నాలుక మీద కూర్చుంది. నూనె ఆ రోజు నూనె. నా ఖర్మ కాలి, కోడి బాగుంది.

పొరపాటున ఒక ముక్క కుదిరిందేమోనని రెండోది తిన్నాను. రెండూ పొరపాటున కుదరవు కదా అని మూడోది తిన్నాను. నాలుగోదానికి కారణమేమీ లేదు.

చేతులు కడుక్కునే చోట అద్దంలో నన్ను చూసుకుంటే, మూతికి కోడి పెంకు పొడి అంటించుకుని దొరికిపోయిన దొంగలా ఉన్నాను. ఏం చెప్పాలి? బాగుందంటే వదిన బండి మూసేస్తుంది. మూసేస్తే ఆ స్టూలు ఉండదు. ఆ స్టూలు మీద కూర్చుంటే పక్కన బూర్లమూకుడు చిటపటలాడుతుంటుంది, మా అన్న ఇంకా పిండి కలుపుతున్నట్టే ఉంటుంది. ఆవిడ బతుకుతెరువు గురించే ఆలోచిస్తున్నానని అద్దానికి చెప్పాను. అద్దం ఆయ్ అంది.

మిగిలిన ముక్కల్నీ సాసుల్నీ ఆ అమ్మాయి ఒక అట్టపెట్టెలో సర్ది ఇచ్చింది. ఆటోలో వస్తూ ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. చేతిసంచిలో అడుగున పెట్టి, పైన తువ్వాలు కప్పాను.

బండి దగ్గరికి వెళ్ళేసరికి ఎండ ఇంకా ఉంది. వదిన ముక్కలకి పిండి పట్టిస్తోంది. తల ఎత్తకుండానే, "ఎలా ఉంది?" అంది.

"అట్టముక్క వదినా. రంపప్పొట్టులో దొర్లించి వేయించేరు. మన పకోడీ ముందు దిగదుడుపు."

ఆవిడ మొహం వెలిగిపోతుందనుకున్నాను. చేతులు గిన్నెలోనే ఆగిపోయాయి. భుజాలు కిందికి దిగాయి. "అలాగా" అంది. మళ్ళీ పిండి కలపడం మొదలుపెట్టింది, ఇంకో పదేళ్ళు కలపాలన్నట్టు. నాకేమీ అర్థం కాలేదు.

ఇంతలో ఆవిడ ముక్కు పైకి లేచింది. "ఆ సంచిలో ఏంటి?"

"కుక్కకండి."

"మనకి కుక్క ఎక్కడుంది?"

"పెంచుదామని."

వదిన చెయ్యి కడుక్కుని, సంచిలోంచి పెట్టె తీసి, ఒక ముక్క విరిచింది. విరిచిన చోట వాసన చూసింది. చిన్న తునక నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. 

"ముందు రోజు రాత్రే ఉప్పునీళ్ళలో నానబెట్టేరు. చల్లారిపోయినా కండ మెత్తగా ఉంది చూడు" అంది. ఆ తర్వాత నావైపు తిరిగింది. "బావుంది కదా ఇది?"

"బావుంది వదినా."

"మరి అట్టముక్కన్నావు."

నేను తువ్వాలు మడతపెడుతున్నాను.

"అయితే ఇన్నాళ్ళూ నా పకోడీ బావుందన్నావే, అదీ ఇలాగేనా?"

అది అడుగుతుందని అనుకోలేదు. నవ్వించి తప్పించుకుందామని నోరు తెరిచాను. తెరిచిన నోట్లోకి నిజం వచ్చింది.

"ముందు బావుండేది వదినా. అన్నయ్య ఉన్నప్పుడు. ఈ రెండేళ్ళ నుంచీ ముక్క గట్టిగా ఉంటోంది. అప్పటికప్పుడు మసాలా పట్టించి వేసేస్తున్నారు, లోపలికేం దిగట్లేదు. మధ్యాహ్నం ఓసారి వేయించి, సాయంత్రం మళ్ళీ వేయిస్తున్నారు. రంగు కూడా ఎక్కువైంది."

"రెండేళ్ళ నుంచా?"

"ఆయ్."

"రోజూ తిన్నావు కదరా!"

"తిన్నానండి."

"రోజూ బావుందన్నావు."

"అన్నయ్య పోయిన కొత్తల్లో ఎలా చెప్తాను వదినా? ఆ తర్వాత చెప్దామంటే, మరి మొన్నటిదాకా ఏం చేసేవంటారని భయమేసింది."

తిడుతుందనుకున్నాను. వదిన వచ్చి నా స్టూలు మీద కూర్చుంది. అన్నేళ్ళలో ఆవిడ దాని మీద కూర్చోగా నేను చూడలేదు. రెండు చేతులతో మోకాళ్ళు ఒత్తుకుంటూ, మెల్లగా మాట్లాడింది.

"నాకు తెలియదనుకున్నావా? ఒక్కదాన్నే కోడి కోయించుకురావాలి, కడగాలి, బండి తొయ్యాలి, గంటల తరబడి నిలబడాలి. మోకాళ్ళు పోయేయి. ముక్క గట్టిపడుతోందని నా చేతికే తెలుస్తోంది. ఎవరైనా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇవాళ బాగోలేదమ్మా అంటే మానేద్దామని చూస్తున్నాను. ఒక్కడూ అనడే! వచ్చినవాడల్లా బావుందండీ, బావుందండీ. మీ అన్న పెట్టిన బండి. అందరూ బావుందంటుంటే ఏం చెప్పి మాననురా? అందుకే నిన్ను పంపేను. నువ్వైనా ఆ కోడే బావుందంటావని."

నేను ఇన్నాళ్ళూ ఆవిడ మనసు విరగకూడదని మంచిమాట చెబుతున్నాననుకున్నాను. ఆ మాటే ఆవిడని రోజూ తీసుకొచ్చి పొయ్యి ముందు నిలబెట్టింది. మర్యాద లేనివాడినని నన్ను నమ్మింది. ఆవిడకి కావలసిన ఒక్క చోటా నేను గొప్ప మర్యాదస్తుడినైపోయాను.

"ఎంత వెర్రివాడివిరా" అని చివరికి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది, చేతికున్న కారం తగిలి ఇంకా నీళ్ళొచ్చాయి. ఆదివారం దాకా ఆగలేదు. అక్కడే, స్టూలు మీదినుంచే ఫోన్ చేసింది.

"అమ్మగారూ, వస్తానండి. సోమవారం నుంచేనండి. వంట నేను చూసుకుంటానుగానీ, ఎత్తడానికీ దించడానికీ ఇద్దరు సాయం ఉంటారన్నారు, ఉంటారు కదండీ? ఆయ్. ఆయ్, అలాగేనండి."

ఫోన్ పెట్టేసి లేచింది. కలిపిన పిండి పారేయలేం కాబట్టి ఆ సాయంత్రానికి పొయ్యి వెలిగించింది. ఆ పూట నాకు పకోడీ పెట్టలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం పెట్టెలోని కోడి తిన్నాం. రెండు సాసుల్లో తెల్లది నయమని తేల్చింది.

బండి మూసేసినట్టు వాడుకవాళ్ళకి చెప్పే పని మాత్రం నా మీద పెట్టింది. "నువ్వు చేసిన దానికి ఇదే శిక్ష" అంది. సోమవారం సాయంత్రం, పట్టా కప్పిన బండి పక్కన నిలబడ్డాను. అడిగినవాళ్ళందరికీ హాస్టల్ సంగతి చెప్పాను. అయ్యయ్యో, ఎంత బాగుండేదండీ అన్నారు అందరూ. చీకటి పడే వేళకి టైలరుగారు వచ్చారు. రోజూ కొట్టు కట్టేసి, ఒక పొట్లం కట్టించుకుని ఇంటికెళ్ళే మనిషి. సంగతి విని ఆయన కూడా అదే మాట అన్నారు.

"ఆవిడ చేతి పకోడీ ఇంకెక్కడా రాదండి. ఎంత బావుండేదో!"

"లేదండీ. రెండేళ్ళ నుంచీ బాగోలేదు" అన్నాను.

ఆయన నవ్వారు. "మీరు మారరండీ బాబూ."

నేను నవ్వలేదు. ఆయన నా మొహంలోకి ఓసారి చూసి, తెచ్చుకున్న గుడ్డసంచిని నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నారు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"కొంచెం గట్టిగానే ఉండేదండి, ముక్క. మా ఆవిడకి పళ్ళు నొప్పెట్టేవి."

"మరి ఒక్కరోజూ చెప్పలేదేంటండీ?"

"మీరు రోజూ ఇక్కడే కూర్చుంటారు కదండీ" అన్నారాయన. "మీరు చెప్తారనుకున్నాను."